పెన్‌డ్రైవ్‌లో ఎవ్రీథింగ్

మాది శుభలేఖలు వేసే డీటీపీ షాపు. ఎవరైనా పాత ఫైలు అడిగితే విండోస్ సెర్చ్‌లో ఆకుపచ్చ గీత పాకుతూనే ఉండేది. ఈలోగా కస్టమర్ టీ తాగి వచ్చేవాడు. ఫైళ్లు వెతికిపెట్టే ఎవ్రీథింగ్ అనే సాఫ్ట్‌వేర్ వేశాక పేరులో మూడక్షరాలు కొడితే చాలు, ఫైలు కళ్ల ముందుంటోంది. వాయిడ్‌టూల్స్ అనేవాళ్లు తయారుచేసింది, ఉచితం. ఇది ఒక్కో ఫోల్డరూ వెతుక్కుంటూ పోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచుకునే పద్ధతి) డిస్కులో ఫైళ్ల చిట్టా ఒకటి ఉంటుంది, మాస్టర్ ఫైల్ టేబుల్ అని. నేరుగా దాన్నే చదువుకుంటుంది. (ఫైలుకి 'న్యూ ఫైనల్ 2' అని పేరు పెట్టే మా కుర్రాణ్ని మాత్రం ఇదీ కాపాడలేదు.)

అప్పట్నుంచి ఇన్‌స్టాలర్ నా పెన్‌డ్రైవ్‌లోనే. పక్క జిరాక్స్ షాపులో, బావమరిది ల్యాప్‌టాప్‌లో వేసిచ్చాను. ఆడిటర్ గారైతే "నీకెంతయ్యా కమీషన్?" అన్నారు. నిన్న ఆయనే ఫోన్ చేశారు: "ఆ భూతద్దం బొమ్మది మా అమ్మాయి సిస్టమ్‌లో కూడా వేసిపెట్టు."