పదాల పుస్తకంలో కొత్త పేజీ: ఇన్‌కోయేట్

అరుదైన ఇంగ్లీషు విశేషణాలు రాసుకునే నా పుస్తకంలో ఇప్పుడు ‘ఇన్‌కోయేట్’ పేజీ నడుస్తోంది. మొదలైంది కానీ ఇంకా రూపు కట్టలేదు అని చెప్పే మాట ఇది. స్పెల్లింగులో సీహెచ్ ఉన్నా పలికేటప్పుడు ‘క’ వినిపిస్తుంది. ఆ స్పెల్లింగు వల్లే కాబోలు, కొందరు దీన్ని ‘కేయాస్’కు చుట్టమనుకొని గందరగోళం అనే అర్థంలో వాడతారు. ఆ చుట్టరికం లేదు. కేయాస్ గ్రీకు నుంచి వచ్చింది, ఇది లాటిన్ నుంచి. నాగలి పొడుగు కర్రను కాడికి బిగించే పట్టీని లాటిన్‌లో ‘కోహుమ్’ అనేవారు, ఈ పదానికి మూలం అదేనని నిఘంటువులు చెబుతాయి. ఎద్దులను కట్టారు, ఇంకా చాలు పడలేదు. ఏరువాక తెలిసినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

అర్థం ఒక్కటీ రాసుకొని ఊరుకుంటే పదం పట్టుబడదని నా గట్టి నమ్మకం. అది ఏ నామవాచకాల పక్కన నిలుస్తుందో చూడాలి. అందుకే ఎడమ పేజీలో తోడు పదాలు, కుడి పేజీలో సొంత వాక్యాలు, అన్నీ పెన్సిలుతో రాస్తాను. ఎడమవైపు ఇప్పటికి చేరినవి: ఆలోచన, కోరిక, అసంతృప్తి, ఉద్యమం. సగం కట్టిన ఇంటిని చేర్చలేదు. గోడలు లేవకపోయినా దాని ప్లాను స్పష్టంగానే ఉంటుంది కదా.

ఈ పదం అసలు సత్తా చట్టంలో చూడాలి. చెక్కులు, ప్రామిసరీ నోట్ల వంటి పత్రాలకు సంబంధించిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ శీర్షికే దీనితో మొదలవుతుంది. స్టాంపు ఉన్న కాగితం మీద సంతకం చేసి, వివరాలు ఖాళీగా వదిలి ఇచ్చేస్తే, ఆ స్టాంపుకు సరిపడే మొత్తం దాటకుండా నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే ప్రాథమికంగా భావిస్తారు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అడిగేవారు మన ఊళ్లలో కొత్త కాదు గనుక, ఈ సెక్షన్‌ను పూర్తిగా చదవమని అందరికీ చెబుతాను.

నేరాల్లోనూ ఇది ఉంది. ప్రేరేపణ, కుట్ర, ప్రయత్నం: ఈ మూడింటినీ న్యాయశాస్త్ర గ్రంథాలు ‘ఇన్‌కోయేట్’ నేరాలంటాయి. పాత ఐపీసీలో ఇవి విడివిడిగా ఉండేవి, ప్రయత్నమైతే చిట్టచివరి 511వ సెక్షన్‌లో. భారతీయ న్యాయ సంహిత, 2023 మూడింటినీ నాలుగో అధ్యాయంలో ఒకచోట చేర్చింది. కుట్రదారుల పథకం ఎంతో స్పష్టంగా ఉండవచ్చు, తలపెట్టిన నేరమే ఇంకా జరగలేదు. అంటే చట్టంలో ఇది ‘అసంపూర్ణం’, మామూలు రచనలో ‘అస్పష్టం’ వైపు ఒరుగుతుంది. అందుకే ఎడమ పేజీని నిలువునా రెండు చేశాను.

తర్వాతి పేజీ ‘ఇన్‌కోయేటివ్’. పని మొదలవడాన్ని తెలిపే క్రియారూపానికి వ్యాకరణంలో ఆ పేరు. ‘వాన కురవసాగింది’లో ‘సాగు’ చేసేది ఆ పనే. అలాంటి తెలుగు వాక్యాలు పోగుచేస్తున్నాను.