కీమో అయిపోయాక వచ్చిన నొప్పులు

"కీమో అయిపోయిందిగా, ఇంకా ఈ నొప్పులేమిటి?" అని అడగని చుట్టం లేదు. వాళ్లను అని లాభం లేదు. జుట్టు మళ్లీ వచ్చింది, ముఖం తేరుకుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక నేను గదిలో పడే తంటా వాళ్లకు కనిపించదు కదా.

నాకు వచ్చింది హార్మోన్ల వల్ల పెరిగే రకం రొమ్ము క్యాన్సర్. కీమోలో పాక్లిటాక్సెల్ అనే మందు ఎక్కించిన రోజుల్లోనూ ఒళ్లు నొప్పులుండేవి. రెండో రోజో మూడో రోజో మొదలై, తొడలూ పిక్కలూ పిండేసి, వారం తిరిగేలోగా వదిలేసేవి. ఇప్పటివి వేరు. ముట్లుడిగిన వయసు కాబట్టి నాకు లెట్రోజోల్ రాశారు, రోజూ 2.5 మిల్లీగ్రాముల మాత్ర. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. క్యాన్సర్ మళ్లీ రాకుండా ఉండేందుకే ఇదంతా. కానీ ఆ హార్మోను తగ్గేసరికి కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. పొద్దున లేచేసరికి పిడికిలి సగమే మూసుకుంటుంది. కుడిచేతి ఉంగరపు వేలు మరీ మొండిది. మడిస్తే అలాగే ఉండిపోతుంది, ఎడమచేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది.

ఐదేళ్లు వేసుకోవాల్సిన మాత్ర. మానేద్దామా అని చాలాసార్లు అనిపించింది. "ఇంత బాధపెట్టేది మందెలా అవుతుంది?" అంటూ మా వదిన ఏదో పసరు పంపింది. సీసా తీసుకెళ్లి డాక్టరు గారికే చూపించాను. అందులో ఏముందో తెలియకుండా తాగవద్దన్నారు. మరీ భరించలేకపోతే ఇదే కోవలోని అనస్ట్రోజోల్‌కో ఎక్సెమెస్టేన్‌కో మార్చవచ్చని, తనకు చెప్పకుండా మాత్రం మాత్ర ఆపవద్దని గట్టిగా చెప్పారు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించి, కాల్షియం, డి విటమిన్ రాశారు.

అసలు భయం వేరే ఉండేది. రాత్రి నడుము కాస్త లాగినా, క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనని నిద్ర పట్టేది కాదు. అదీ అడిగేశాను. రెండు చేతులూ, రెండు మోకాళ్లూ పట్టేసి, కాస్త కదిలాక వదులయ్యేది చాలావరకు ఈ మాత్ర తెచ్చే నొప్పేనట. నొప్పి ఒకేచోట ఉండిపోయి, రోజురోజుకూ పెరుగుతూ, పడుకున్నా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

మందుగా నడక రాస్తే ముందు ఒళ్లు మండింది. నొప్పి అని వెళ్తే నడవమంటారేమిటి! యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి మాత్రలు వాడే 121 మందితో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, రెండుసార్లు బరువులెత్తడం. ఏడాదికి అలా వ్యాయామం చేసినవాళ్ల నొప్పి దాదాపు 30 శాతం తగ్గింది. ఇంతేనా అనుకున్నాను. ఆ మాత్రం తగ్గితే కుక్కర్ మూత ఎవరినీ పిలవకుండా తీయవచ్చని నా చేతులకే తెలిసొచ్చింది.

బరువులంటే నాకు నీళ్లు నింపిన అర లీటరు సీసాలే. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి వేళ్లు మూసి తెరుస్తాను. కీమో నాటి తిమ్మిరి వేలి కొసల్లో ఇంకా ఉంది, వేడి సరిగా తెలియదు. అందుకే ముందు మా ఆయన చెయ్యి పెట్టి చూస్తారు.

పసరు పంపిన వదిన ఈమధ్య నాతో నడకకు వస్తోంది. ఆవిడ మోకాళ్లకు ఆ పసరు పనిచేయలేదట.