ఏడు గిన్నెల ట్రై

ఆదివారం.

చిన్నాడి రగ్బీ బూట్ల అడుగున మేకుల మధ్య ఇరుక్కున్న బురద గీకడానికి నా దగ్గర పాత టూత్‌బ్రష్ ఒకటుంది. పొద్దున్న పదకొండింటికి పెరటి మెట్ల మీద కూర్చుని ఆ పని చేస్తుంటే, వాడు పక్కనే నిలబడి ఏడుస్తున్నాడు. దెబ్బ తగిలి కాదు. ఇవాళ వాడికి మొదటి ట్రై పడాల్సింది, పడలేదు.

బంతి చేతికొచ్చింది, ముందు ఖాళీ కనిపించింది, పరిగెత్తాడు. ఎదురొచ్చిన ఇద్దరిలో ఒకడు బురదలో జారి వాడంతట వాడే పడ్డాడు. రెండోవాణ్ణి మావాడు బురిడీ కొట్టించాడు (అని నేనంటున్నాను, అసలు ఆ పిల్లాడు ఆ టైములో బాతుల్ని చూస్తున్నాడని వాళ్ల నాన్న వాదన). గీత దాటేశాడు. దాటాక బంతిని నేలకి ఆనించాలి కదా, అది కాస్తా మర్చిపోయి, బంతిని గాల్లోకి విసిరేసి, రెండు చేతులూ పైకెత్తి నాకేసి చూశాడు. రిఫరీ తల అడ్డంగా ఊపాడు. వాన, చలి, థర్మాస్‌లో టీ అయిపోయింది, పైగా ఇదొకటి.

"నేను ట్రై చేశాను కదమ్మా, మరి ట్రై ఎందుకివ్వలేదు?" అని వాడి ఏడుపు.

నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. నిజానికి ఆ పేరు వెనక కథ కూడా అలాంటిదే. వెనకటి రోజుల్లో గీత అవతల బంతి ఆనిస్తే పాయింట్లేమీ వచ్చేవి కాదు, గోల్‌కి తన్నే ప్రయత్నం ఒకటి దక్కేది, అంతే. ఆ ప్రయత్నానికి పెట్టిన పేరే ట్రై. ఇప్పుడు దానికే ఐదు పాయింట్లు. ఇదంతా తొమ్మిదేళ్లవాడికి చెప్తే ఇంకా ఏడుస్తాడు. అందుకని, "చెడుగుడులో ఎంతమందిని ముట్టుకున్నా, తిరిగొచ్చి నడిగీతకి వేలు తగిలించకపోతే ఔటే కదా, ఇదీ అంతే" అన్నాను. వాడు చెడుగుడు చూసింది ఒక్కసారే, మా తణుకు దగ్గర పల్లెలో, రెండేళ్ల క్రితం సంక్రాంతికి. అయినా అర్థమైంది. ముక్కు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి పక్కింటాయన వచ్చాడు. ఆయనకి డెబ్భై దాటాయి, ఒక్కడే ఉంటాడు, ఆదివారం చారన్నం మా ఇంట్లోనే. చిన్నాడు ఆయన్ని బ్యాంపీ అంటాడు, వేల్స్‌లోని మా కార్డిఫ్‌లో తాతని అలాగే పిలుస్తారు. మా ఆయన ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందని పొద్దున్నే వెళ్లిపోయాడు. నేను చారుకి పోపు పెడుతున్నాను. చిన్నాడు తన గోడంతా బ్యాంపీకి వెళ్లబోసుకున్నాడు. ఆయన అంతా విని, చాలా సీరియస్‌గా, "బంతి విసిరేసింది తప్పే. కానీ తన్నకుండా పరిగెత్తావు చూడు, అది మాత్రం తప్పు కాదు" అన్నాడు. అని ఊరుకోలేదు. 1973 జనవరి 27 మొదలుపెట్టాడు.

కార్డిఫ్‌లో ఉంటూ ఆ రోజు పడిన ట్రై గురించి వినకుండా బతకడం కుదరదు. కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో బార్బేరియన్స్‌కీ న్యూజిలాండ్‌కీ మ్యాచ్. బార్బేరియన్స్ అంటే సొంత మైదానం కూడా లేని జట్టు, ఎక్కడెక్కడి ఆటగాళ్లనో పిలిచి ఆడిస్తారు. అందరికీ నలుపు తెలుపు చారల చొక్కా, మేజోళ్లు మాత్రం ఎవరి క్లబ్బువి వాళ్లవి. ఆ మేజోళ్ల సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు ఆ జట్టంటే ఇష్టం. పెళ్లికి వచ్చిన చుట్టాల్లా ఉంటారు.

బ్యాంపీ వర్ణన నాలుగైదుసార్లు విన్నాను. ఇవాళ మాత్రం ఆయన చేతికి నా పోపుల డబ్బా దొరికింది.

"ఇందులో ఎన్ని గిన్నెలున్నాయి?" అన్నాడు.

"ఏడు."

"సరిగ్గా సరిపోయాయి" అని, ఏడూ తీసి గట్టు మీద పెట్టాడు. ఆ ట్రైలో బంతి ఏడుగురి చేతుల మీదుగా వెళ్లింది. న్యూజిలాండ్‌వాళ్లు నల్ల బట్టలు వేసుకుంటారు కాబట్టి మిరియాల సీసా అడిగాడు. బంతి కావాలి. నేను యాలక్కాయ ఇచ్చాను. అచ్చం రగ్బీ బంతి ఆకారమే, ఇన్నేళ్లూ నాకెందుకు తట్టలేదో.

ఆవాల గిన్నె ఫిల్ బెన్నెట్. చిన్న మనిషి, ఎటు చిటపటలాడతాడో ఎవరికీ తెలీదు. ఆ గిన్నెని గోడకి ఆనించి పెట్టాడు బ్యాంపీ. "ఇది మన గోల్ గీత. బ్రయాన్ విలియమ్స్ బంతిని ఇంత దూరం తన్నాడు. బెన్నెట్ వెనక్కి పరిగెత్తి, గోల్ ముందు దాన్ని అందుకున్నాడు. ముఖం మన గోల్ వైపు, వీపు వాళ్ల వైపు. అందరూ మీదికొచ్చేస్తున్నారు. ఇప్పుడేం చెయ్యాలి?"

"బయటికి తన్నెయ్యాలి" అన్నాడు చిన్నాడు.

"తన్నెయ్యాలి. మా అమ్మ కూడా తన్నేసేది."

బెన్నెట్ తన్నలేదు. వెనక్కి తిరిగి, ఒక అడుగు పక్కకి. మిరియపు గింజ ఒకటి గట్టు మీంచి దొర్లి కింద పడింది. ఇంకో అడుగు, ఇంకో గింజ. బ్యాంపీ వేళ్లు వణుకుతాయి, స్పూను పట్టుకుంటే చారు ఒలుకుతుంది. ఆ గిన్నెని మాత్రం ఎంత నాజూగ్గా తిప్పాడో. మ్యాచ్‌కి ముందు కోచ్ కార్విన్ జేమ్స్ వచ్చి, నీ ఊళ్లో ఎలా ఆడతావో ఇక్కడా అలాగే ఆడు అని బెన్నెట్‌కి చెప్పాడంటారు. అంతకు మూడు నెలల ముందే, 1972 అక్టోబర్ 31న, ఆయన కోచింగ్‌లో బెన్నెట్ వాళ్ల లనెత్లీ క్లబ్ ఇదే న్యూజిలాండ్‌ని 9-3తో ఓడించింది. ఒక ఊరి క్లబ్బు! అంటే బెన్నెట్ చేసింది పిచ్చి ధైర్యం కాదు, ఎవరో ఒకరు ముందే భుజం తట్టారు.

ఆవాల నుంచి యాలక్కాయ ఎండుమిర్చి గిన్నెలోకి. జేపీఆర్ విలియమ్స్. "వీడి మెడ పట్టుకుని లాగారు, అయినా వదల్లేదు" అంటూ మిరపకాయ తొడిమ పట్టుకుని ఊపాడు. (ఈయన తర్వాత ఎముకల డాక్టరయ్యాడు. ఎంతమంది మెడలు సరిచేశాడో.) అక్కణ్ణించి మెంతులు, అంటే ఇంగ్లండ్ జాన్ పులిన్. ఇంగ్లండ్‌వాడికి మెంతులే ఎందుకని నేను అడగలేదు. తర్వాత జీలకర్ర, జాన్ డాస్, బంతిని మైదానం మధ్య దాకా తీసుకెళ్లాడు. మినప్పప్పు టామ్ డేవిడ్, శనగపప్పు డెరెక్ క్విన్నెల్. అప్పటికి చారు పొయ్యి మీద పొంగుతోంది, నేను కట్టెయ్యడం కూడా మర్చిపోయాను.

క్విన్నెల్ ఇచ్చిన పాస్ ఇంకొకరి కోసం. మధ్యలో ఎక్కణ్ణించి వచ్చాడో గారెత్ ఎడ్వర్డ్స్, దూసుకొచ్చి దాన్ని పట్టేశాడు. పసుపు గిన్నె. బ్యాంపీ ఎడమ చేత్తో దాన్ని గట్టు చివరిదాకా సర్రున లాక్కెళ్లి, మూలకి చేరగానే, ఎడ్వర్డ్స్ ఎలా గాల్లోకి లేచి దూకాడో చూపిద్దామని గిన్నెని కూడా గాల్లోకి లేపాడు.

నా తెల్ల గట్టు మీద పసుపు. ఆయన చొక్కా చేతుల మీద పసుపు. చిన్నాడు చప్పట్లు కొడుతున్నాడు. బ్యాంపీ రెండు నిమిషాలు సారీ చెప్పి, మూడో నిమిషంలో "ఆట మొదలై నాలుగు నిమిషాలు కూడా కాలేదు తెలుసా" అన్నాడు.

ఆ మ్యాచ్ 23-11తో బార్బేరియన్స్ గెలిచింది. ఇది నాకు గుర్తుంది గానీ, ఇక్కడ చాలామందిని అడిగితే వెంటనే చెప్పలేరు. మిగతా ట్రైలు ఎవరు వేశారో అసలే చెప్పలేరు.

"మీరు ఎక్కడ కూర్చున్నారు ఆ రోజు?" అని అడిగాను. ఇన్నిసార్లు విన్నా ఎప్పుడూ అడగలేదు, స్టాండ్‌లో ఉన్నాడనే అనుకున్నాను. ఆయన కాసేపు చేతులకంటిన పసుపు తుడుచుకున్నాడు.

"నేను లేనమ్మాయ్. శనివారం కదా. సెంట్రల్ మార్కెట్‌లో మాంసం కొట్లో పని. పదిహేడేళ్లు నాకు. అక్కణ్ణించి మైదానం ఎంత దూరమో నీకు తెలుసుగా. ఒక్కసారిగా గోల వినిపించింది. మా ఓనరు కత్తి ఆపేసి, ఎవరో ఏదో చేశార్రా అన్నాడు. అంతే. తర్వాతెప్పుడో టీవీలో చూశాను."

ఇంతవరకూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదట. ఊళ్లో ఆయన ఈడు వాళ్లందరూ అక్కడే ఉన్నామంటారట, వాళ్లందరూ నిజంగా వెళ్లుంటే నది దాకా నిలబడాల్సొచ్చేదట. నాకు మాత్రం చూసినవాళ్ల కంటే ఆ గోల విన్న కుర్రాడి కథే ఎక్కువ నచ్చింది. ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడా మైదానం కూడా లేదు. 1997లో కూల్చడం మొదలుపెట్టి, అదే చోట కట్టిన కొత్త స్టేడియం 1999లో తెరిచారు. పాతది తూర్పు పడమరలుగా ఉండేది, కొత్తదాన్ని ఉత్తర దక్షిణాలకి తిప్పేశారు. వాస్తు చూశారేమో అని మా ఆయన జోకు. ఎడ్వర్డ్స్ దూకిన ఆ మూల ఇప్పుడు ఏ మెట్ల కిందుందో.

అన్నాలయ్యాక చిన్నాడు ట్యాబ్‌లో ఆ వీడియో పెట్టాడు. ఒకటికి మూడుసార్లు చూసి, క్విన్నెల్ దగ్గర ఆపి, "బ్యాంపీ, ఇది ముందుకి వెళ్లింది. ఫార్వర్డ్ పాస్" అన్నాడు. రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ఇక్కడ ఆ మాట అనడమంటే పెళ్లింట్లో ముహూర్తం బాలేదనడమే. బ్యాంపీ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "రిఫరీ ఫ్రెంచివాడు. వాళ్లకి ఆట తెలుసు" అన్నాడు. వాదన అక్కడితో అయిపోయింది.

ఫ్రెంచివాళ్ల పేరొచ్చింది కాబట్టి 1991 కూడా వచ్చింది. ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ తన్నిన పెనాల్టీ గోల్ తప్పింది. ఫ్రాన్స్‌వాళ్లు బంతిని అక్కడే నేలకి ఆనించేసి ఊపిరి పీల్చుకోవచ్చు. వాళ్లేమో సొంత గోల్ గీత వెనక నుంచే పరుగు మొదలుపెట్టారు. సెర్జ్ బ్లాంకో అందుకున్నాడు, తర్వాత కాంబెరాబెరో బంతిని మనుషుల మీంచి తన్ని, తనే పట్టుకుని, మళ్లీ మధ్యలోకి తన్నితే, ఫిలిప్ సాంతాంద్రే పట్టుకెళ్లి గోల్ కింద పెట్టాడు. మ్యాచ్ 21-19తో ఇంగ్లండే గెలిచింది. అయినా జనం చెప్పుకునేది ఓడినవాళ్ల ట్రై గురించే. "తన్నారు కదా మరి?" అని చిన్నాడు పట్టుకున్నాడు. బ్యాంపీ దగ్గర దానికి జవాబుంది: వదిలించుకోడానికి తన్నడం వేరు, వెంటపడడానికి తన్నడం వేరు.

నాకంటూ ఒక ట్రై ఉంది. 2015 సెప్టెంబర్ 19. ఇక్కడికొచ్చి ఏడాదైంది, నర్సుగా సాయంత్రం డ్యూటీ, రగ్బీ అంటే గుంపుగా కొట్టుకోవడం అనుకునేదాన్ని. వార్డులో టీవీ చుట్టూ నలుగురు పేషెంట్లు. బ్రైటన్‌లో ప్రపంచకప్ మ్యాచ్, జపాన్, సౌతాఫ్రికా. రెండుసార్లు కప్పు గెలిచినవాళ్లు ఒక పక్క, ప్రపంచకప్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచినవాళ్లు ఇంకో పక్క. ఆఖరి నిమిషాల్లో 32-29తో జపాన్ వెనకబడి ఉంది. పెనాల్టీ దొరికింది. తన్నితే మూడు పాయింట్లు, డ్రా. అదే వాళ్లకి పండగ. కోచ్ ఎడ్డీ జోన్స్ కూడా ఆ మూడూ తీసుకోమనే అన్నాడట. కెప్టెన్ మైకేల్ లీచ్ వద్దని స్క్రమ్ (రెండు జట్లవాళ్లూ తలలు వంచి ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడడం) అడిగాడు.

నేను బీపీ చూస్తున్న పెద్దాయన చెయ్యి బిగుసుకుపోయింది. "వదులుగా పెట్టండి" అంటున్నా వినడు. బంతి కుడికి వెళ్లింది, ఆగింది, తిరిగి ఎడమకి వచ్చింది, మైదానమంతా దాటి కార్న్ హెస్కెత్ చేతికి, అక్కణ్ణించి మూలకి. 34-32. వార్డులో మంచం దిగకూడదన్నవాళ్లు దిగారు. ఆ పెద్దాయన బీపీ చార్టులో రాయలేదు, పావుగంట ఆగి మళ్లీ చూశాను.

సాయంత్రం బ్యాంపీని వాళ్ల గుమ్మం దాకా దింపి వచ్చాక, మిరియాలు ఏరాను. ఒకటి ఫ్రిజ్ కింద ఉంది, తియ్యలేదు. గట్టు వంటసోడాతో రెండుసార్లు తుడిచాను, పసుపు మరక ఇంకా లేతగా కనిపిస్తోంది. చిన్నాడు పడుకునే ముందు గది గుమ్మం దాటి లోపలికి వెళ్లిన ప్రతిసారీ బంతి నేలకి ఆనిస్తున్నాడు. తొమ్మిదిన్నరకి బంతి లాక్కోవాల్సొచ్చింది.

మా ఆయన పదింటికి వచ్చాడు. చారు వేడి చేసిచ్చాను, గుడ్డట్టు తనే వేసుకుంటానన్నాడు. వంటింట్లోంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత కేక.

"ఏమేవ్, పసుపులో యాలక్కాయేంటి?"

"ట్రై" అన్నాను.