సుయిదోబాషి నుంచి సైతామా దాకా: సకురాబా వెంట

టోక్యోలో కోదోకాన్‌కీ టోక్యో డోమ్‌కీ మధ్య నడిస్తే పది నిమిషాలు కూడా పట్టదు. జపాన్ కుస్తీ చరిత్రలో నాకు నచ్చిన, కజుషి సకురాబా అనే యోధుడి కథంతా ఆ కాస్త దూరంలోనే ఉంది. కాకపోతే అది మధ్యలో బ్రెజిల్ దాకా వెళ్లొచ్చింది.

మా బాబాయి కొడుకు నిషి-కసాయ్‌లో ఉంటాడు. టోక్యోలో ఐటీ ఉద్యోగాలు చేసే భారతీయులు ఎక్కువగా చేరిన పేట అది. సాయంత్రం వాడి ఆఫీసు అయ్యాక ఇద్దరం తోజాయ్ లైన్ మెట్రోలో ఈదాబాషి దాకా వెళ్లి, అక్కడ మారి ఒక్క స్టేషన్ అవతల సుయిదోబాషిలో దిగాం. ముందు కోదోకాన్‌కి వెళ్లాం. 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన జూడో బడి ఇది. ఇప్పుడున్నది మామూలు ఆఫీసులాంటి ఎత్తు భవనం, ముందు కానో విగ్రహం. ఎనిమిదో అంతస్తు గ్యాలరీలో కూర్చుని కింద జరిగే సాధన చూడొచ్చు. మేం వెళ్లేసరికి పిల్లలు పడటం నేర్చుకుంటున్నారు. ఎదుటివాణ్ని పడేయడం ఆ తర్వాతి పాఠం.

ఇక్కడ నేర్చుకున్న మిత్సుయో మాయెదా దేశాలు తిరుగుతూ 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడికి ఈ విద్య నేర్పాడు. కార్లోస్, అతని తమ్ముడు హేలియో దాన్ని తమ ఇంటి విద్యగా మార్చుకున్నారు. 1951లో మసాహికో కిమురా అనే జపాన్ జూడో వీరుడు రియోలోని మరకానా స్టేడియంలో హేలియో చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. హేలియో ఓటమి ఒప్పుకోలేదు. చెయ్యి విరిగేలా ఉంటే అన్న కార్లోసే తువ్వాలు విసిరి ఆట ఆపించాడు. ఆ పట్టుకి బ్రెజిల్ వాళ్లే కిమురా అని పేరు పెట్టుకున్నారు. ఓడించినవాడి పేరు పెట్టుకోవడం వాళ్ల పెద్దమనసే అనాలి. కిమురా మాత్రం డబ్బుకి కుస్తీ పట్టాడని కోదోకాన్ వాళ్లు ఆయన్ని జూడోలో ఏడో డాన్ అనే హోదా దాటనివ్వలేదు.

అక్కణ్నించి టోక్యో డోమ్‌కి నడిచాం. గాలి ఒత్తిడితో నిలబెట్టిన తెల్ల కప్పు, పక్కనే రోలర్ కోస్టర్, బేస్‌బాల్ జెర్సీలేసుకున్న జనం. దాన్ని ఆనుకునే కొరాకుయెన్ హాల్ ఉంది, ఐదో అంతస్తులో. బాక్సింగ్‌కీ ప్రో రెజ్లింగ్‌కీ అది గుడి లాంటిది. నాకు పని మాత్రం డోమ్‌తోనే.

1997 అక్టోబర్‌లో గుద్దులూ పట్లూ అన్నీ చెల్లే ప్రైడ్ అనే పోటీలు మొదలైంది ఈ కప్పు కిందే. మొదటి రోజే జపాన్ ప్రో రెజ్లింగ్ స్టార్ నొబుహికో తకాదాని హేలియో కొడుకు రిక్సన్ ఐదు నిమిషాల లోపే ఓడించాడు. ముందే గెలుపోటములు రాసుకునే కుస్తీ కదా, అసలు పోరులో తేలిపోయారని నవ్వారు. తకాదా దగ్గర జూనియర్‌గా ఉన్న కజుషి సకురాబా అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియదు. 1969లో అకితాలో పుట్టి, చువో యూనివర్సిటీలో రెజ్లింగ్ చేసి, ప్రో రెజ్లింగ్‌లోకి వచ్చాడు. ఆ డిసెంబర్‌లోనే యొకొహామాలో, అలాంటివే అయిన అమెరికా పోటీలు యూఎఫ్‌సీ వాళ్ల టోర్నమెంట్ గెలిచి, ప్రో రెజ్లర్లు నిజంగానే బలవంతులు అని మైకులో చెప్పాడు. 1999 నవంబర్‌లో అరియాకేలో రాయిలర్ గ్రేసీని కిమురా పట్టుతోనే ఓడించాడు. రాయిలర్ బరువులో బాగా తక్కువ, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

అసలు రాత్రి 2000 మే 1, మళ్లీ ఈ డోమ్‌లోనే. గ్రేసీలు ప్రత్యేక నియమాలు అడిగి తెచ్చుకున్నారు. పదిహేను నిమిషాల రౌండ్లు, ఎన్నైనా సరే, రెఫరీ ఆపకూడదు. హేలియో ఇంకో కొడుకు రాయిస్ గ్రేసీ అమెరికాలో మొదటి యూఎఫ్‌సీ గెలిచినవాడు. సకురాబా ముసుగు పెట్టుకుని, అలాంటి ముసుగులే వేసుకున్న మరో ఇద్దరితో కలిసి వచ్చాడు, అసలువాడెవడో జనానికి తెలియకుండా! రాయిస్ వేసుకున్న జూడో కోటునే పట్టుకుని అతన్ని ఆడించాడు. ఆరు రౌండ్లు, తొంభై నిమిషాలు. రాయిస్ కాలు ఇక పనిచేయని స్థితికి వస్తే అన్న రోరియన్ తువ్వాలు విసిరాడు. 1951లో పెదనాన్న చేసిన పనే.

ఆ గంటన్నర పోరు తర్వాత అదే రాత్రి సకురాబా మళ్లీ రింగెక్కాడు, తనకన్నా ఎంతో బరువైన ఉక్రెయిన్ యోధుడు ఇగోర్ వోవ్చాన్చిన్ మీద. పదిహేను నిమిషాలు నిలబడ్డాక ఈసారి సకురాబా మూల నుంచి తువ్వాలు పడింది. డోమ్ మెట్ల మీద కూర్చుని కొన్‌బినీలో (చిన్న దుకాణం) కొన్న, ఊరేసిన ఉమె పండు పెట్టిన ఒనిగిరి (అన్నం ముద్ద) తింటూ ఇదంతా చెప్తుంటే తమ్ముడు, "రెండో ఫైట్‌కి ఎందుకు వెళ్లనిచ్చారన్నా?" అన్నాడు. నా కోపమూ అదే.

మర్నాడు కెయిహిన్-తొహొకు లైన్‌లో సైతామా-షింతోషిన్ వెళ్లాం. స్టేషన్ బయటికొస్తే ఎదురుగా సైతామా సూపర్ అరీనా. 2001 మార్చిలో ఇక్కడ బ్రెజిల్ యోధుడు వాండర్లే సిల్వా సకురాబాని 98 సెకన్లలో పడగొట్టాడు. ఆ నవంబర్‌లో డోమ్‌లో ఇంకోసారి, 2003 ఆగస్టులో మళ్లీ ఇక్కడే మూడోసారి. మధ్యలో 2002లో పాత జాతీయ స్టేడియంలో క్రొయేషియా కిక్‌బాక్సర్ క్రోకాప్ చేతిలో కంటి ఎముకకి దెబ్బ. ఇంచుమించు 83 కిలోల మనిషిని పెద్ద బరువులవాళ్ల ముందు పదేపదే నిలబెట్టారు. హాలు నిండాలంటే సకురాబా పేరు కావాలి, అంతే లెక్క. వద్దనని అతని మొండితనం కూడా వాళ్లకి కలిసొచ్చింది.

నాలుగేళ్ల విరామం తర్వాత 2015 డిసెంబర్‌లో, 46 ఏళ్ల వయసులో, ఇదే అరీనాలో షిన్యా ఆయోకి ఎదుట నిలబడ్డాడు. కిందపడి దెబ్బలు తింటుంటే రెఫరీ ఆపలేదు, చివరికి సొంత మనుషులే తువ్వాలు విసిరారు. ఆ వీడియో నేను రెండోసారి చూడలేదు, తమ్ముడికి చూపించనూ లేదు.

బదులుగా ఫోన్‌లో రెన్జో గ్రేసీ మ్యాచ్ పెట్టాను. 2000 ఆగస్టు, సెయిబు డోమ్. మళ్లీ కిమురా పట్టే. మోచెయ్యి కీలు తప్పినా రెన్జో లొంగలేదు, రెఫరీయే ఆపాడు. తర్వాత మైకు తీసుకుని, సకురాబా మా గ్రేసీ కుటుంబానికి జపాన్ రూపం అని అతనే చెప్పాడు. సెయిబు డోమ్ కూడా సైతామాలోనే, తోకోరోజావాలో ఉంది. రైళ్లు మారాలి, ఆ రోజుకి పొద్దుపోయింది. శనివారం వెళ్దామన్నాడు తమ్ముడు.