కిలో రాయి

ఉస్మానియాలో సివిల్ చదివినవాడు తుపాకీ కట్టుకుని పనికి పోవడమేమిటన్నది మా అమ్మకు ఇప్పటికీ మింగుడుపడదు. తార్నాక ఇంటికి చుట్టాలెవరు వచ్చినా "మావాడు అలాస్కాలో సర్వే ఇంజనీరు" అని అక్కడితో ఆపేస్తుంది. తుపాకీ సంగతి పొక్కనివ్వదు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన తమ్ముడున్నాడు మరి.

నిజానికి పని అచ్చంగా కొలతల పనే. వేసవి పొడుగునా జీపీఎస్ రిసీవరు, ట్రైపాడ్ భుజాన వేసుకుని సరిహద్దు గుర్తులు వెతుక్కుంటూ ఆల్డర్ పొదల్లో తిరగడం. పొద నిలువెత్తుంటుంది, పది అడుగుల అవతల ఏముందో కనబడదు. సాల్మన్ చేపలు ఏరెక్కే రోజుల్లో ఎలుగులూ ఏటి ఒడ్డునే ఉంటాయి. అవి మన జూపార్కులో చూసే నల్ల ఎలుగులు కావు. అక్కడి గోధుమరంగు మగ ఎలుగు నాలుగైదు వందల కిలోల దాకా పెరుగుతుంది, గంటకు 50 కిలోమీటర్ల పైన పరిగెడుతుంది. 30 మీటర్ల దూరం దానికి 2 సెకన్ల పని. అందుకే గొంతు చించుకుంటూ నడుస్తాం. తోటివాళ్లు "హే బేర్" అని అరుస్తారు. నేను "జాంబవంతా, కొంచెం పక్కకు జరుగు నాయనా" అంటాను. మనిషి అలికిడి వింటే చాలాసార్లు అదే తప్పుకుంటుంది.

మొదట్లో నా నడుముకు బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీదికొస్తే మొహాన కొట్టే మిరపఘాటు డబ్బా, ఒక్కటే ఉండేది. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగింది. అలాస్కాలోనైతే 2003 నుంచి దాన్ని దాచి మోయడానికి కూడా పర్మిట్ అక్కర్లేదు. ఇప్పటికీ నా చెయ్యి ముందు పోయేది స్ప్రే మీదికే. తుపాకీ ఆ తర్వాతి మాట.

అసలు తిప్పలు తుపాకీ కొన్నాకే మొదలయ్యాయి. టెన్ ఎంఎం గ్లాక్ 20 పిస్తోలు, తూటాలు నింపితే కిలో దాటుతుంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? అందరిలాగే ముందు నడుముకు కట్టాను. వీపు సంచికి నడుము పట్టీ ఒకటుంటుంది కదా, అది సరిగ్గా హోల్‌స్టర్ మీదే, అంటే తుపాకీ దూర్చే ఒర మీదే కూర్చుంది. సాయంత్రానికి తుంటి ఎముక దగ్గర కమిలిపోయింది. పైన వాన కోటు వేసుకుంటే తుపాకీ దాని కింద ఎక్కడో. 2 సెకన్ల లెక్కలో జిప్పు తీసే తీరిక ఎవడిస్తాడు? తర్వాత తొడకు కట్టేది కొన్నాను, సినిమాల్లో బాగుంటుంది. పొదల్లో ప్రతి కొమ్మా దాన్నే పట్టుకునేది. అడుగడుగునా కాలికి పసిపిల్ల వేలాడుతున్నట్టే. రెండు వారాలు తిరిగి, మూడో వారం తుపాకీని బండిలోనే వదిలేసి ఏటికి దిగాను. మా క్రూ పెద్ద చూశాడు. తిట్టలేదు గానీ, "బండిలో పెట్టినదాన్ని తుపాకీ అనరు, సామాను అంటారు" అన్నాడు.

ఛాతీ మీద కట్టుకొమ్మన్నది కూడా ఆయనే. అక్కడ చేపల గైడ్లు చాలామంది అలాగే కట్టుకుంటారు. సంచి పట్టీలకు అడ్డురాదు, కోటు పైనుంచే వేసుకోవచ్చు, నడుములోతు నీళ్లలో దిగినా తడవదు, పడవలో కూర్చున్నా చేతికందుతుంది. కొనేటప్పుడు నేను చూసినవి రెండే. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసి ఉందా, బోర్లా పడ్డా తుపాకీ జారకుండా పట్టి ఉంచుతుందా. కైడెక్స్ ప్లాస్టిక్‌ది వానకు తడవదు, బిగువు స్క్రూతో సరిచేసుకోవచ్చు. కానీ నేనసలే బక్కవాణ్ణి, పక్కటెముకలకు గుచ్చుకుంది. అందుకని తోలుది తీసుకున్నాను. తోలుకు చాకిరీ ఎక్కువ. తడిస్తే నీడపట్టున ఆరబెట్టాలి. తుపాకీని మాత్రం రాత్రిళ్లు అందులో ఉంచకూడదు, చెమ్మకు తుప్పు పడుతుంది.

అంతా బాగానే ఉంది గానీ పట్టీ మెడ కోసేది. సీజను అయ్యేసరికి మెడ పక్కన ఒరిపిడి గీత పడింది. అది చూసి అమ్మ కొబ్బరినూనె రాస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

సెలవుకు వచ్చేటప్పుడు ఉట్టి హోల్‌స్టర్ మటుకు పెట్టెలో వేసుకొచ్చాను. వేసే ముందు పెట్టె, కోటు, జేబులు మూడుసార్లు దులిపాను. పొరపాటున ఒక్క తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసే.

రిటైరైన ఎస్సై మా మేనమామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒరేయ్ అల్లుడూ, ఇది మా క్రాస్ బెల్టు మనవడు రా" అన్నాడు. 1858లో ఇక్కడి యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న శామ్ బ్రౌన్ అనే దొర, ఒంటిచేత్తో కత్తి దూసేటప్పుడు ఒర ఊగకుండా భుజం మీదుగా పట్టీ వేయించుకున్నాడట. పోలీసుల భుజం పట్టీకి ఆ పేరే నిలిచింది. "మోండా మార్కెట్ దగ్గర నా బెల్టులు కుట్టినాయన ఉన్నాడు, పద" అన్నాడు.

ఫుట్‌పాత్ మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడాయన. "గిదేంది సార్, కెమెరాదా?" అని అడిగాడు. తుపాకీదంటే తలెత్తి చూడనైనా లేదు.

"బరువెంతుంటది?"

"కిలో మీద కొంచెం."

పక్కన ఉల్లిగడ్డల బండి వైపు తిరిగి, "అక్కా, గా కిలో రాయి జర ఇయ్యి" అన్నాడు. రాయిని గుడ్డలో చుట్టి హోల్‌స్టర్‌కు సుతిలితో కట్టాడు. నాకు తొడిగి ఫుట్‌పాత్ మీద అటూ ఇటూ నడిపించాడు, వంగమన్నాడు, బూటు లేసు కట్టుకొమ్మన్నాడు. జనం ఆగి చూస్తున్నారు. మామ మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు టమాటాలు ఏరుతున్నాడు.

"పట్టీ మెడ పక్క నుంచి పోతున్నది సార్. కోయక ఏం జేస్తది? బరువు భుజం మీద కూసోవాలె. వంగితే ముందుకు ఊగుతున్నది, పక్క పట్టీ కిందికి దించాలె."

తుపాకీ దూరే సంచిని ముట్టుకోవద్దన్నాను. అది తుపాకీ అచ్చుకు పోసినది, వదులైతే ప్రమాదం. ఆయన పట్టీ కొక్కెం రెండంగుళాలు జరిపి, భుజం మీదికి అరచేయంత మెత్తటి తోలు ముక్క వేసి, కింద దబ్బనంతో పక్క పట్టీకి కొత్త బెజ్జాలు పొడిచాడు. మళ్లీ రాయి కట్టాడు. మళ్లీ వంగాను. కదల్లేదు. అమెరికాలో నేను వందల డాలర్లు తగలేసి పట్టుకోలేని కిటుకు అది.

250 రూపాయలు తీసుకుంటూ అడిగాడు, "ఇప్పటిదాంక ఎన్ని ఎలుగులను కొట్టినవ్ సార్?"

"ఒక్కదాన్ని కూడా లేదు."

"మరి రోజు మోసుడేనా?"

"మోసుడే."

"మోసుడు మీరు తర్వాత మోసుకోండ్రి గని," ఉల్లిగడ్డల బండి అక్క చెయ్యి చాపింది, "నా రాయి ఇయ్యుండ్రి, గిరాకీ నిలబడ్డది."