A సైడ్ చివర మిగిలిన మూడు నిమిషాలు

మా ఇంట్లో ఎవరికైనా కానుక ఇవ్వాలంటే నాన్న ముందు ఖాళీ క్యాసెట్ తెచ్చేవారు. పుట్టినరోజైనా, పెళ్ళిరోజైనా, ఇల్లు మారి వెళ్ళిపోయే పక్కింటివాళ్ళకైనా అదే. వాళ్ళకి నచ్చే పాటలు ఏరి, వరస కుదిర్చి, ఇంట్లోనే రికార్డు చేసి, అట్ట మీద పాటల పేర్లు అక్క చేత రాయించి ఇచ్చేవారు.

90 నిమిషాల క్యాసెట్‌లో సైడ్‌కి 45 నిమిషాలు. నాన్న కాగితం మీద పాటల నిడివి కూడి చూసుకునేవారు. ఎంత కూడినా చివర్లో నాలుగున్నర నిమిషాల పాటకి మూడు నిమిషాల చోటే మిగిలేది. పాటని సగంలో తెగ్గొట్టడం ఆయన దృష్టిలో ఘోరం. అందుకని ఆ మిగిలిన చోటు మాకు వదిలేసేవారు. మైకు ముందు అక్క ఏదో పాడేది, నేను క్రికెట్ కామెంటరీ చెప్పేవాణ్ణి, తమ్ముడు వార్తలు చదివేవాడు. అమ్మ ఎంత బతిమాలినా పాడేది కాదు. దూరం నుంచి "చాలు, ఇక ఆపండి" అనేది. చాలా క్యాసెట్లు ఆ మాటతోనే అయిపోతాయి.

వేసవి సెలవుల్లో రికార్డింగు రాత్రిపూట డాబా మీద. లోపలైతే ఫ్యాన్ చప్పుడు పడుతుందని నాన్న బాధ. వానాకాలంలో కిటికీ పక్కన. చూరు నీళ్ళ చప్పుడు కూడా పడనిమ్మనేవారు. ఫ్యాన్ వద్దు, వాన ముద్దు అన్నమాట.

ఇవన్నీ మళ్ళీ ఎందుకు తవ్వానంటే, పిన్ని ఇల్లు సర్దుతూ తనకి మేమిచ్చిన క్యాసెట్లన్నీ ఒక సంచిలో వేసి నాకు పంపింది. "వినడానికి మిషన్ లేదు, పారేయడానికి మనసొప్పట్లేదు, నువ్వే ఏదో ఒకటి చెయ్యరా" అంది. ఫోన్‌లో వినేలా చేసి తిరిగివ్వాలనుకున్నాను.

మొదటి తలనొప్పి మిషన్‌తోనే. మా పాత టేప్ రికార్డర్‌లో మోటారు తిరుగుతోంది, చక్రాలు కదలట్లేదు. విప్పితే లోపలి రబ్బరు బెల్ట్ కరిగి నల్లటి జిగురైపోయింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడానికి పట్టిన ఓపిక మిగతా దేనికీ పట్టలేదు. కొత్త బెల్ట్ కొలతకి పాతదాన్ని నమ్మకండి, అది సాగిపోయి ఉంటుంది. చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి, అంతకంటే కాస్త చిన్నది తీసుకోవాలి. అదే ఆల్కహాల్‌ని దూదికి అద్ది హెడ్డు (రీలు మీది శబ్దాన్ని చదివే భాగం), రీలు నడిచే దారి తుడిచాను. రబ్బరు రోలర్ మీద మాత్రం వాడలేదు, దానికి తడిగుడ్డ చాలు.

క్యాసెట్ పెట్టే ముందు వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబులు విరగ్గొట్టేశాను, అవి లేకపోతే దాని మీద మళ్ళీ రికార్డు అవ్వదు. పొరపాటున రికార్డు బటన్ మీద చెయ్యి పడితే ఆ గొంతులు మళ్ళీ రావు. A సైడ్ మనవైపు పెట్టుకుంటే ఎడమచేతి పక్క ఉన్నది A సైడ్ ట్యాబు. తర్వాత ప్రతిదాన్నీ ఒక్కసారి చివరిదాకా ముందుకి, మళ్ళీ వెనక్కి తిప్పాను. ఏళ్ళ తరబడి కదలని రీలు పొరలు అంటుకుని ఉంటాయి, నేరుగా ప్లే చేస్తే చిక్కుకోవచ్చు. రెండు మూడింటిలో రీలుని హెడ్డుకి ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయింది. స్క్రూలున్న క్యాసెట్లయితే సులువు. ఐదు స్క్రూలు విప్పి రీలుని ఇంకో మంచి క్యాసెట్ డొప్పలోకి మార్చేయడమే. అతికించేసినవైతే అంచున బ్లేడుతో తెరవాలి, టెన్షన్ పని.

అంతా అయ్యాక వింటే పాటలు దుప్పటి చాటు నుంచి వస్తున్నట్టు మందంగా ఉన్నాయి. రికార్డు చేసినప్పటి హెడ్డు వాలు, ఇప్పటి హెడ్డు వాలు ఒకటి కానప్పుడు ఇలా అవుతుంది. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగానే దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, "స", "ష" ఉన్న మాటలు తేటగా వినిపించే చోట ఆపాలి. నాన్న అన్నీ ఒకే మిషన్ మీద చేశారు కాబట్టి ఒకటి కుదిరాక మిగతావీ దాదాపు కుదిరాయి.

కంప్యూటర్‌కి లైన్ అవుట్ నుంచి లైన్ ఇన్‌కి వైరు. మైకు సాకెట్‌లో పెడితే చాలావాటిలో శబ్దం పగులుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, అంటే సీడీ నాణ్యత, పెట్టుకున్నాను. నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే ఒక క్యాసెట్‌కి 900 ఎంబీ పైచిలుకు. శబ్దం ఎంత పెరిగినా మైనస్ 6 డెసిబెల్స్, అంటే పగిలే హద్దుకి కాస్త కిందే, దాటకుండా చూసుకున్నాను. ఇక్కడ అడ్డదారి లేదు, 45 నిమిషాల సైడ్‌కి 45 నిమిషాలూ కూర్చోవాల్సిందే.

అలా కూర్చుంటేనే కొన్ని పట్టుబడ్డాయి. డాబా మీద బ్యాటరీలు నీరసించినప్పుడు రికార్డైన చోట మా గొంతులు సన్నబడి వడివడిగా పరిగెడుతున్నాయి. మోటారు మెల్లగా తిరిగినప్పుడు పట్టిన మాట మామూలు వేగంలో అలాగే వినిపిస్తుంది. కొంచెం వేగం తగ్గించి సరిచేశాను, తమ్ముడి వార్తలు మాత్రం వదిలేశాను, అవి అలాగే బాగున్నాయి. ఇంకో తమాషా, అమ్మ "చాలు" అనడానికి ఒకటి రెండు సెకన్ల ముందే అదే "చాలు" ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. చుట్టలో పక్కపక్క పొరలు ఒకదాని అయస్కాంత ముద్ర ఇంకోదానికి అంటించుకుంటాయి. మా అమ్మ విసుగు రీలు పొరల్లోంచి కూడా ముందుకొచ్చిందన్నమాట.

రీలు చేసే "స్‌స్‌" చప్పుడు, అదే హిస్, దాని సంగతి చెప్పాలి. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్ రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే, నడిచేది సెకనుకి 4.76 సెంటీమీటర్లు. అంత సన్న రీలు అంత మెల్లగా నడిస్తే "స్‌స్‌" తప్పదు. దాన్ని తీసేసే సౌకర్యం ఆడాసిటీలో ఉంది. ఖాళీ చోటు నమూనాగా చూపిస్తే అలాంటి శబ్దాన్నంతా తగ్గిస్తుంది. డాబా మీది రికార్డింగులకి బాగానే పనిచేసింది. వానాకాలం వాటిలో హిస్‌తోపాటు వాన కూడా పోయింది. దానికి రెండూ ఒకటే, అన్ని స్థాయుల్లోనూ పరుచుకున్న గోల. అక్క ఎక్కడో మూసిన గదిలో పాడుతున్నట్టుంది. ఆ క్యాసెట్లకి హిస్ ఉంచేశాను. నాన్న అంత పట్టుబట్టి పడనిచ్చిన వాన అది.

పాటలు ఇప్పుడు ఎక్కడైనా ఇంతకంటే శుభ్రంగా దొరుకుతాయి కదా అని, ముందుగా మా మాటలున్న చివరి ముక్కలన్నీ కలిపి పిన్నికి పంపాను. అదే అసలు సరుకని నా ఉద్దేశం. విని ఫోన్ చేసింది. నవ్విందట, కాసేపు ఏడ్చిందట. ఆ తర్వాత, "బాగుంది గానీ, పాటలేవిరా?" అంది.

పాటలు ఫోన్‌లో ఉన్నాయిగా అన్నాను. "ఆ వరసలో లేవు" అంది. ఒక పాట అయిపోగానే నాన్న పెట్టిన తర్వాతి పాట ఆవిడ నోట్లోకి వచ్చేస్తుంది, ఫోన్‌లో ఇంకేదో మొదలవుతుంది. ఇన్నేళ్ళూ ఆవిడకి ఆ పాటలు విడివిడిగా లేవు.

దాంతో పాటల్ని ముక్కలు చేయకుండా సైడ్‌కొక ఫైలు చొప్పున పెట్టి మళ్ళీ పంపాను, పాటకీ పాటకీ మధ్య పాజ్ బటన్ "టక్" కూడా ఉంచి. పిన్ని కొడుకు వాటిని పాటల వారీగా విడదీసి ఇస్తానంటే వద్దందట. అమ్మకి కూడా వినిపించాను. మొత్తం విని, ఆ "చాలు" అన్నది తాను కాదంటోంది.