ఎర్రర్ లేదు, డేటా కూడా లేదు

పర్మిషన్ లేకపోతే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మొహం మీదే చెప్పేస్తుంది, "పర్మిషన్ డినైడ్" అని. ఆ తిట్టు నాకిష్టం, గ్రాంట్ కమాండ్‌తో పర్మిషన్ ఇస్తే అయిపోతుంది. నిన్న రాత్రి తగిలింది వేరే రకం. ఆర్డర్ల పేజీ ఖాళీ, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. అదే క్వెరీ నా లాగిన్‌తో నడిపితే రోలన్నీ, అంటే డేటా వరుసలన్నీ, చక్కగా వస్తున్నాయి! జాయిన్‌లు, క్యాష్, కనెక్షన్ స్ట్రింగ్ అన్నిటినీ అనుమానించాం. తీరా చూస్తే ఎవరో ఆ టేబుల్ మీద రో లెవెల్ సెక్యూరిటీ (ఏ యూజర్‌కి ఏ వరుసలు కనిపించాలో కట్టడి చేసే ఏర్పాటు) ఆన్ చేసి, ఆ రూల్ చెప్పే పాలసీ రాయకుండా వదిలేశారు. పాలసీ లేకపోతే మామూలు యూజర్‌కి ఒక్క రో కూడా కనిపించదు. టేబుల్ ఓనర్‌కి, సూపర్‌యూజర్‌కి మాత్రం ఆ అడ్డు ఉండదు. నా లాగిన్ ఓనర్‌ది మరి. పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ నుంచీ ఉన్న పద్ధతే. భద్రతకి అదే సబబు, ఒప్పుకుంటా. కానీ లాగ్‌లో ఓ ముక్క రాస్తే దాని సొమ్మేం పోయింది? ఇప్పుడైతే ముందు 'సెట్ రోల్' కొట్టి యాప్ యూజర్‌గా మారాకే క్వెరీ నడుపుతున్నా.